ఆన్‌లైన్‌లో అద్దె ఇళ్ల బుకింగ్: అతిథులకు చట్టం కల్పించిన రక్షణలు

పర్యాటక కేంద్రాల్లోనూ, నగరాల్లోనూ హోటల్ గదికి బదులుగా ఒకటి, రెండు రోజుల కోసం ఇంటినే అద్దెకు తీసుకునే పద్ధతి ఇటీవలి సంవత్సరాలలో బాగా వ్యాప్తి చెందింది. అరకు లోయ, లంబసింగి, కోనసీమ, వికారాబాద్ వంటి చోట్ల హోమ్‌స్టేలు, ఫామ్‌హౌస్‌లు సెలవు దినాల్లో కుటుంబాలతో నిండిపోతున్నాయి. ఈ సదుపాయాన్ని విహారయాత్రికులు మాత్రమే వినియోగించుకుంటున్నారనుకోవడం సరికాదు. హైదరాబాద్ ఆసుపత్రులలో శస్త్రచికిత్స చేయించుకునే రోగుల వెంట వచ్చే బంధువులు, పోటీ పరీక్షలు రాసేందుకు వచ్చే అభ్యర్థులు, అమెరికా వీసా ఇంటర్వ్యూలకు వచ్చే తల్లిదండ్రులు కూడా సొంతంగా వంట చేసుకునే వీలుంటుందన్న ఉద్దేశంతో ఇటువంటి ఇళ్లను ఎంచుకుంటున్నారు.

ఈ బుకింగులన్నింటికీ ఒక సమాన లక్షణం ఉంది. ఇంటిని చూడకుండా, యజమానిని కలవకుండా, ఫోన్ తెరపై కనిపించిన కొన్ని ఛాయాచిత్రాలు, కొందరి అభిప్రాయాల ఆధారంగా వినియోగదారులు ముందుగానే సొమ్ము చెల్లిస్తున్నారు. తీరా చేరుకున్న తర్వాత ఇల్లు చెప్పినట్లు లేకపోయినా, తాళం తీసేవారే లేకపోయినా పిల్లలతో, వృద్ధులతో తెలియని ఊరిలో చీకటి పడే వేళకు వీధిలో నిలబడవలసి వస్తుంది. హోటల్‌లోనైతే కౌంటర్ వద్ద అడిగేందుకు ఒక మేనేజర్ అయినా ఉంటారు. ఇక్కడ కౌంటరే లేదు. యజమానికి ఫోన్ చేస్తే యాప్ వారిని అడగమనడం, యాప్ వారిని సంప్రదిస్తే తాము మధ్యవర్తులం మాత్రమేనని, యజమానితోనే తేల్చుకోవాలని చెప్పడం ఇటువంటి ఫిర్యాదులలో తరచుగా కనిపించే అంశం.

వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019, దాని కింద 2020లో రూపొందించిన ఇ-కామర్స్ నిబంధనలు 'ఎవరిని అడగాలి' అన్న ఈ ప్రశ్నకు చాలా మేరకు సమాధానం ఇస్తున్నాయి. పూర్తిగా అనడానికి వీలులేకపోవడానికి కారణం, ఆ నిబంధనలలోనే ఉన్న ఒక ముఖ్యమైన మినహాయింపు.

జవాబుదారీ ఎవరిది?

1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టంలోని ప్రధాన అంశాలు 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చాయి. మూల్యం చెల్లించి సేవలు పొందే వ్యక్తి ఎలక్ట్రానిక్ మార్గంలో లావాదేవీ జరిపినా వినియోగదారే అవుతారని 'వినియోగదారు' అన్న పదం నిర్వచనంలోనే ఈ చట్టం స్పష్టం చేసింది. పాత చట్టంలో ఈ స్పష్టత లేదు. అనంతరం 2020 జూలై 23న కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఇ-కామర్స్ నిబంధనలు వస్తువులతో పాటు సేవలకూ వర్తిస్తాయి. విదేశంలో స్థాపితమైన సంస్థ అయినప్పటికీ, భారతదేశంలోని వినియోగదారులకు క్రమబద్ధంగా సేవలు అందిస్తున్నట్లయితే ఈ నిబంధనలకు లోబడవలసిందే. అద్దె ఇళ్ల బుకింగ్ రంగంలో పేరొందిన వేదికలలో కొన్నింటి ప్రధాన కార్యాలయాలు విదేశాలలో ఉన్నందున ఈ అంశానికి ప్రాధాన్యం ఉంది.

ఒక బుకింగ్‌లో ఇద్దరు సేవాదారులు ఉంటారు. ఇంటిని అద్దెకిచ్చే యజమాని నిబంధనల దృష్టిలో విక్రేత. యజమానినీ, అతిథినీ కలిపే యాప్ లేదా వెబ్‌సైటు మార్కెట్ వేదిక. ఇద్దరికీ వేరు వేరు విధులు నిర్దేశించడం జరిగింది.

మార్కెట్ వేదిక తన ద్వారా వ్యాపారం చేసే విక్రేత వ్యాపార నామం, వ్యాపారం రిజిస్టరు అయినదీ లేనిదీ, భౌగోళిక చిరునామా, వినియోగదారుల సేవా కేంద్రం నంబరు, ఇతర వినియోగదారులు ఇచ్చిన రేటింగు వంటి వివరాలను తగిన చోట ప్రదర్శించాలి. ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించి, ఆ అధికారి పేరు, హోదా, సంప్రదించవలసిన వివరాలను వెల్లడించాలి. అందిన ఫిర్యాదును 48 గంటలలోగా ధ్రువీకరించాలి. నెల రోజులలోగా పరిష్కరించాలి. ప్రతి ఫిర్యాదుకూ దాని పురోగతిని తెలుసుకునేందుకు వీలుగా ఒక టికెట్ నంబరు ఇవ్వాలి. అంతగా ప్రచారంలోకి రాని అంశం మరొకటి ఉంది. బుకింగ్ పూర్తయిన తర్వాత వినియోగదారు లిఖితపూర్వకంగా కోరితే, వివాద పరిష్కారానికి అవసరమైన విక్రేత చిరునామా, ఇ-మెయిల్ తదితర వివరాలను వేదిక అందజేయాలి. యజమాని ఎవరో, ఎక్కడుంటారో తెలియక నోటీసు పంపలేకపోతున్న అతిథులకు ఇది ఎంతగానో ఉపకరిస్తుంది.

ఇక విక్రేత విషయానికి వస్తే, ప్రకటనలో చూపిన లక్షణాలు వాస్తవానికి అనుగుణంగా ఉండాలి. సేవలో లోపం ఉన్నా, ప్రకటించిన లేదా అంగీకరించిన లక్షణాలు లేకపోయినా, తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వబోమని చెప్పడానికి విక్రేతకు అధికారం లేదు. ఎ.సి. ఉందని చెప్పి లేని గది చూపడం, ఇల్లు మొత్తం అద్దెకని చెప్పి ఒక భాగంలో ఇతరులను ఉంచడం, సముద్రానికి ఎదురుగా ఉందని చెప్పిన ఇల్లు రెండు వీధుల అవతల ఉండటం వంటివన్నీ ఈ నిబంధన పరిధిలోకి వస్తాయి. 'ఛాయాచిత్రాలు నమూనా కోసం మాత్రమే' అని ఎక్కడో చిన్న అక్షరాలలో పేర్కొన్నంత మాత్రాన ఈ బాధ్యత తొలగిపోతుందని భావించరాదు.

మినహాయింపు ఇక్కడే ఉంది. క్రమం తప్పకుండా గానీ, ఒక పద్ధతి ప్రకారం గానీ సాగే వృత్తి, వ్యాపార కార్యకలాపాలలో భాగం కాకుండా, వ్యక్తిగత హోదాలో ఒక వ్యక్తి జరిపే లావాదేవీకి ఇ-కామర్స్ నిబంధనలు వర్తించవు. సంక్రాంతికి సొంతూరు వెళుతూ ఏడాదికి ఒకసారి తమ ఫ్లాటును నాలుగు రోజులకు అద్దెకిచ్చే కుటుంబం ఈ మినహాయింపును కోరవచ్చు. నాలుగు ఫ్లాట్లు తీసుకుని ఏడాది పొడవునా అతిథులకు ఇచ్చే వ్యక్తి కోరజాలరు. ఈ రెండింటి మధ్య గీత ఎన్ని రోజుల వద్ద గీయాలన్నది నిబంధనలలో లేదు. ఆయా కేసు వాస్తవాలను బట్టి నిర్ణయించవలసినదే. అయితే ఆధారాలు సాధారణంగా తెరపైనే లభిస్తాయి. ఒకే యజమాని పేరిట ఎన్ని ఇళ్లు ఉన్నాయి, గత ఏడాది కాలంలో ఎందరు అతిథులు అభిప్రాయాలు రాశారు, క్యాలెండరులో ఎన్ని రోజులు అద్దెకు తెరచి ఉన్నాయి అన్న వివరాలు అది వ్యాపారమో కాదో చెప్పకనే చెబుతాయి. యజమాని మినహాయింపు పొందినంత మాత్రాన వేదిక తన విధుల నుంచి మినహాయింపు పొందదన్నది కూడా గమనించాలి.

వేదికలు సాధారణంగా సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 79వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తులకు లభించే రక్షణను ఆశ్రయిస్తుంటాయి. ఆ రక్షణ కోరే వేదిక అదే సెక్షన్‌లోని షరతులను పాటించి తీరాలని ఇ-కామర్స్ నిబంధనలు పేర్కొంటున్నాయి. బుకింగును ఖరారు చేసి, సొమ్మును తానే వసూలు చేసుకున్న సంస్థ బస లభించనపుడు చేతులు దులుపుకొనజాలదని వినియోగదారుల కమిషన్లు పలు కేసులలో నిర్ణయించాయి. వేదికను బాధ్యత నుంచి తప్పించిన నిర్ణయాలూ లేకపోలేదు. కనుక ఫిర్యాదులో యజమానినీ, వేదికనూ ఇరువురినీ ప్రతివాదులుగా చేర్చడం వివేకవంతమైన పద్ధతి.

ఈ సందర్భంలో హోమ్‌స్టే అన్న పదం గురించి కొంత వివరణ అవసరం. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ అమలు చేస్తున్న ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకం కింద ఇళ్లను గోల్డ్, సిల్వర్ శ్రేణులుగా వర్గీకరిస్తారు. యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసిస్తూ ఉండాలన్నది ఈ పథకంలోని మౌలిక షరతు. ఎవరూ నివసించని ఫ్లాటును తాళంచెవి పెట్టెతో సహా అద్దెకిచ్చే ఏర్పాటు దీనికి పూర్తిగా భిన్నమైనది. అయినా యాప్‌లలో రెండింటికీ ఒకే పేరు వాడుతున్నారు. ఈ వర్గీకరణ స్వచ్ఛందమైనదే గనుక అది లేని ప్రతి ఇల్లూ అక్రమమని చెప్పలేము. అయితే వర్గీకరణ పొందినట్లు ప్రకటించుకుని, వాస్తవానికి పొందకపోతే అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది.

కనిపించే ధర, చెల్లించే ధర

ఊహాత్మకమైన ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. వెతికినపుడు ఒక ఇల్లు రాత్రికి రూ. 3,500 అని కనిపిస్తుంది. రెండు రాత్రులకు రూ. 7,000 అవుతుందని భావించి కుటుంబం తేదీలు ఎంచుకుంటుంది, పేర్లు నమోదు చేస్తుంది, ఫోన్ నంబరు ఇస్తుంది. చివరి తెరలో శుభ్రపరచే రుసుము రూ. 1,500, వేదిక సేవా రుసుము రూ. 600, ఆపైన పన్నులు చేరతాయి. మొత్తం రూ. 9,600 దాటుతుంది. అంటే రాత్రికి రూ. 4,800. అప్పటికే పావుగంట సమయం వెచ్చించిన వ్యక్తి వెనుకకు వెళ్లి మళ్లీ మొదటి నుంచి వెతకడానికి ఇష్టపడరు. ఈ పద్ధతి ఆధారపడింది సరిగ్గా ఆ అయిష్టం మీదనే.

కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ నివారణ మార్గదర్శకాలు ఇటువంటి 13 పద్ధతులను గుర్తించి నిషేధించాయి. ధరను ముందుగా పూర్తిగా చెప్పకుండా అంచెలంచెలుగా బయటపెట్టడం వీటిలో ఒకటి. వినియోగదారు కోరకుండానే ప్రయాణ బీమా, విరాళం వంటివి బిల్లులో చేర్చడం మరొకటి. ఇక, రెండు గదులే మిగిలాయి, ముప్పై మంది ఇదే చూస్తున్నారు అంటూ లేని తొందరను సృష్టించడాన్ని మార్గదర్శకాలు ఉదాహరణగానే ప్రస్తావించాయి. బస బుకింగ్ రంగం నుంచే ఈ ఉదాహరణ తీసుకున్నారంటే ఆ రంగంలో ఈ పద్ధతి ఎంతగా పాతుకుపోయిందో ఊహించవచ్చు. 2025 జూన్‌లో ప్రాధికార సంస్థ ఇ-కామర్స్ వేదికలన్నీ ఇటువంటి పద్ధతులను గుర్తించేందుకు మూడు నెలలలోగా స్వయంగా ఆడిట్ జరుపుకోవాలని సూచించింది.

ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం విక్రేత మొత్తం ధరను ఒకే అంకెగా, అందులో చేరిన రుసుముల విభజనతో సహా చూపాలి. సమ్మతి తెలిపే గడిలో ముందుగానే టిక్కు పెట్టి ఉంచడం నిషిద్ధం. పన్ను విషయంలోనూ గందరగోళానికి తావులేదు. రోజుకు రూ. 7,500 వరకు అద్దె ఉన్న గదులపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతానికి బదులు 5 శాతం. అంతకు మించిన గదులపై 18 శాతం. పన్నులు అన్న ఒకే శీర్షిక కింద వేదిక తన సొంత రుసుమును కూడా కలిపి చూపుతున్నట్లయితే విభజన కోరే హక్కు అతిథికి ఉంది.

ఇతర దేశాలలోనూ ఇదే సమస్యపై చర్యలు తీసుకోవడం గమనార్హం. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూపొందించిన నిబంధన 2025 మే 12 నుంచి అమలులోకి వచ్చింది. ప్రత్యక్ష కార్యక్రమాల టికెట్లతో పాటు స్వల్పకాలిక బసకు కూడా తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తం ధరనే ప్రముఖంగా చూపాలన్నది దాని సారాంశం. పిల్లలను చూసేందుకు అక్కడికి వెళ్లి వారం పది రోజులు అద్దె ఇళ్లలో ఉండే తెలుగు కుటుంబాలకు కూడా ఈ నిబంధన ఉపయోగపడుతుంది.

ధరతో పాటు అతిథి నిర్ణయాన్ని ప్రభావితం చేసేవి ఇతరుల అభిప్రాయాలు. యజమాని తానే వినియోగదారుగా నటిస్తూ అభిప్రాయాలు రాయడం ఇ-కామర్స్ నిబంధనల ఉల్లంఘన. భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, పరిశీలన, ప్రచురణలకు సంబంధించి ఐ.ఎస్. 19000 ప్రమాణాన్ని విడుదల చేసింది. దీని అనుసరణ సంస్థల ఇష్టానికే వదిలివేయడం జరిగింది.

రద్దు షరతులు

అత్యధిక వివాదాలకు మూలం రద్దు షరతులే. యజమాని ఎంచుకున్న విధానాన్ని బట్టి, రాకకు కొన్ని రోజుల ముందు రద్దు చేసుకుంటే సగం సొమ్ము, మరీ ఆలస్యమైతే మొత్తం సొమ్ము పోగొట్టుకోవలసి రావచ్చు. అదే యజమాని ముందురోజు రద్దు చేస్తే అతిథికి తాను చెల్లించినది మాత్రమే తిరిగి వస్తుంది. రూ. 12,000 తిరిగి వచ్చినా, పండుగ రోజుల్లో అదే ఊరిలో మరో ఇల్లు రూ. 20,000కు గానీ దొరకదు. నష్టం ఎవరిది?

ఈ అసమానతను తగ్గించేందుకు ఇ-కామర్స్ నిబంధనలలో ఒక సూత్రం పొందుపరిచారు. సంస్థ తానుగా ఏకపక్షంగా రద్దు చేసినపుడు అదే విధమైన రుసుమును తానూ భరించే ఏర్పాటు లేకపోతే, ఖరారు చేసిన బుకింగును రద్దు చేసుకున్న వినియోగదారుపై రద్దు రుసుము విధించరాదు. అయితే ఈ సూత్రం ఇ-కామర్స్ సంస్థను ఉద్దేశించినది. రద్దు చేసింది తాము కాదని, ఇంటి యజమాని అని వేదిక వాదించేందుకు అవకాశం లేకపోలేదు. అటువంటి సందర్భాలలో చట్టంలోని 'అనుచిత ఒప్పందం' అన్న భావన అక్కరకు వస్తుంది. మితిమీరిన డిపాజిట్ కోరడం, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా విధించడం, సహేతుక కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసే అధికారాన్ని ఒక పక్షం తనవద్దే ఉంచుకోవడం వంటి షరతులు దీని కిందికి వస్తాయి. ఒక విధానపరమైన అంశాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఒప్పందం అనుచితమైనదని ప్రకటించాలని కోరే ఫిర్యాదును జిల్లా కమిషన్‌లో కాక రాష్ట్ర కమిషన్‌లో దాఖలు చేయాలి. సేవాలోపం కింద సొమ్ము తిరిగి ఇప్పించాలని కోరేవారికి జిల్లా కమిషన్ చాలు.

తిరిగి ఇవ్వవలసిన సొమ్మును 'వాలెట్' రూపంలోనో, తదుపరి ప్రయాణానికి కూపన్ రూపంలోనో తీసుకోవాలని ఒత్తిడి చేయడం కూడా ఫిర్యాదుకు అర్హమైన విషయమే. కొవిడ్ లాక్‌డౌన్ కాలంలో రద్దయిన విమాన టికెట్ల సొమ్మును ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన ఒక ఆన్‌లైన్ ప్రయాణ సంస్థకు మిగిలిన మొత్తాన్ని వినియోగదారులకు చెల్లించాలని ప్రాధికార సంస్థ 2024 జూన్‌లో ఆదేశాలు జారీ చేసింది. ఒక్కొక్కరి కేసుగా కాక వినియోగదారుల సమూహానికి సంబంధించిన సమస్యగా దానిని పరిగణించడం విశేషం.

వేదికను దాటి చెల్లిస్తే

పైన పేర్కొన్న రక్షణలలో అధిక భాగం బుకింగ్, చెల్లింపు రెండూ వేదిక మీదే జరిగినపుడు మాత్రమే పూర్తిగా పనిచేస్తాయి. 'యాప్‌లో అయితే కమిషన్ పోతుంది, నేరుగా నా నంబరుకు పంపితే వెయ్యి తగ్గిస్తాను' అని యజమాని చెప్పడం సాధారణమే. ఆ వెయ్యి రూపాయల కోసం అతిథి వదులుకునేది వేదికపై ఉన్న రికార్డును, ఫిర్యాదుల అధికారిని, రద్దు విధానాన్ని, కార్డు ద్వారా చెల్లించి ఉంటే బ్యాంకు వద్ద వివాదం నమోదు చేసే అవకాశాన్ని. యజమాని నిజాయతీపరుడే కావచ్చు. కానీ ఇల్లు దొరకని పక్షంలో వేదిక తనకు సంబంధం లేదనడానికి అప్పుడు సమంజసమైన కారణం లభిస్తుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైనది అసలు ఇల్లే లేని బుకింగ్. నిజమైన అతిథి గృహాల ఛాయాచిత్రాలతో నకిలీ వెబ్‌సైట్లు, సామాజిక మాధ్యమాలలో నకిలీ పేజీలు సృష్టించి యాత్రికులను, పర్యాటకులను మోసగిస్తున్నారని కేంద్ర హోం మంత్రిత్వ శాఖకు చెందిన భారత సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేసింది. పుణ్యక్షేత్రాల్లో బస కోసం వెతికేవారు దీనికి ఎక్కువగా గురవుతున్నారు. తిరుమలలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి గదులను దేవస్థానం అధికారిక వెబ్‌సైటు ద్వారానే బుక్ చేసుకోవాలి. వాట్సాప్ నంబరుకు అడ్వాన్స్ పంపితే గది ఇప్పిస్తామనే ప్రకటనలను నమ్మరాదు. మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారకముందే నిలిపివేయగలిగితేనే తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది. ఇది వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవలసిన వ్యవహారం కాదు, పోలీసు వ్యవహారం. రెండింటి మధ్య తేడా తెలియక రోజులు గడిచిపోవడం వల్లనే అనేకులు నష్టపోతున్నారు.

ఇంట్లో అడుగుపెట్టిన తర్వాత

గుర్తింపు పత్రం కోరే హక్కు యజమానికి ఉంది. విదేశీయులకు బస ఇచ్చేవారు ఆ వివరాలను 24 గంటలలోగా అధికారులకు ఆన్‌లైన్‌లో తెలియజేయవలసిన బాధ్యత కూడా ఉన్నందున, విదేశీ పాస్‌పోర్టుతో వచ్చే ప్రవాస బంధువులను పాస్‌పోర్టు, వీసా వివరాలు అడిగితే ఆక్షేపించవలసిన పని లేదు. ఆధార్ విషయంలో మాత్రం చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రతిని ఇవ్వడం మేలు.

రహస్య కెమెరాల విషయంలో చట్టం కఠినంగా ఉంది. ఏకాంతంలో ఉన్న మహిళను చాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ కింద నేరం; మొదటిసారి నేరం రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఇ సెక్షన్ స్త్రీ పురుష భేదం లేకుండా అందరికీ వర్తిస్తుంది. అంతర్జాతీయ వేదిక అయిన ఎయిర్‌బిఎన్‌బి 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలు ఉండటాన్నే ప్రపంచవ్యాప్తంగా నిషేధించింది. అంతకు ముందు హాలు వంటి చోట్ల ముందుగా తెలియజేసి అమర్చుకునేందుకు వీలుండేది. అనుమానాస్పదమైన పరికరం కనిపించినపుడు దానిని తొలగించకుండా ఉన్నచోటనే ఫొటో తీసి పోలీసులకు సమాచారం ఇవ్వడం దర్యాప్తుకు దోహదపడుతుంది.

ఇల్లు ఖాళీ చేసిన తర్వాత గ్లాసు పగిలిందనో, గోడకు మరక పడిందనో డిపాజిట్‌లో కోత విధించడం తరచుగా జరిగేదే. ప్రవేశించిన వెంటనే ఒకసారి, తాళం అప్పగించే ముందు ఒకసారి ఇంటినంతా తేదీ, సమయం నమోదయ్యేలా వీడియో తీసి ఉంచుకున్నవారికి ఈ వివాదం సాధారణంగా అక్కడే ముగుస్తుంది. లోపం కనిపించిన వెంటనే వేదికలోని సందేశాల విభాగం ద్వారానే తెలియజేయాలి. ఫోన్‌లో జరిగిన సంభాషణకు రుజువు మిగలదు. రాత్రి ఉండి, ఉదయం వెళ్లిపోయి, వారం తర్వాత ఫిర్యాదు చేస్తే అంతవరకు ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్న ఎదురవుతుంది.

ఫిర్యాదు మార్గాలు

మొదట వేదిక ఫిర్యాదుల అధికారికి రాసి టికెట్ నంబరు పొందాలి. అక్కడ ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరును సంప్రదించవచ్చు. తెలుగుతో సహా 17 భాషలలో ఈ సేవ అందుబాటులో ఉంది. ఇది న్యాయస్థానం కాదు. సంస్థతో మాట్లాడి వ్యాజ్యానికి ముందే పరిష్కారం సాధించే ఏర్పాటు. 2025లో ఈ కేంద్రం ద్వారా వినియోగదారులకు తిరిగి అందిన సొమ్ములో ఇ-కామర్స్ తర్వాత రెండవ స్థానం ప్రయాణ, పర్యాటక రంగానిదే.

పరిష్కారం కాని పక్షంలో జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయించాలి. చెల్లించిన మూల్యం రూ. 50 లక్షల వరకు ఉన్న ఫిర్యాదులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి గనుక అద్దె ఇంటి వివాదాలు దాదాపు అన్నీ అక్కడే తేలుతాయి. మూల్యం రూ. 5 లక్షల లోపు ఉంటే ఎటువంటి రుసుమూ లేదు. న్యాయవాదిని నియమించుకోవడం తప్పనిసరి కాదు. ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోగా ఫిర్యాదు చేయాలి. 2025 జనవరి 1న ప్రారంభమైన ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు.

2019 చట్టం తెచ్చిన మార్పులలో ఈ రంగానికి అన్నింటికన్నా విలువైనది, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు చేసుకోగలగడం. గోవాలో ఇల్లు దొరకక ఇబ్బంది పడిన కర్నూలు కుటుంబం గోవాకు గానీ, వేదిక కార్యాలయం ఉన్న గురుగ్రామ్‌కు గానీ తిరగనవసరం లేదు. కర్నూలులోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ. 8,000 కోసం వెయ్యి కిలోమీటర్లు ఎవరు వెళతారన్న ధీమా మీద నడిచే వ్యాపారానికి ఈ ఒక్క అంశం గట్టి అడ్డుకట్ట. వివాదాలన్నీ ఆర్బిట్రేషన్‌కే నివేదించాలన్న షరతు వేదిక నియమావళిలో ఉన్నా అది వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే హక్కును హరించజాలదని 2018 డిసెంబరులో ఎమార్ ఎం.జి.ఎఫ్. కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

జిల్లా యంత్రాంగానికి సంబంధించిన ఒక అధికారం ఇప్పటికీ తగినంతగా వినియోగంలోకి రాలేదనే చెప్పాలి. ఒకే ఇంటి గురించి, ఒకే యజమాని గురించి, లేదా ఒకే వేదిక అనుసరిస్తున్న పద్ధతి గురించి అనేకమంది నుంచి ఒకే విధమైన ఫిర్యాదులు వస్తున్నపుడు అది వ్యక్తిగత వివాదంగా మిగలదు. చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం జిల్లా కలెక్టర్ తమ పరిధిలో వినియోగదారుల సమూహ హక్కులకు భంగం కలిగించే అంశాలు, అనుచిత వ్యాపార పద్ధతులు, తప్పుదోవ పట్టించే ప్రకటనలపై విచారణ జరిపి కేంద్ర ప్రాధికార సంస్థకు నివేదిక పంపవచ్చు. ఇటువంటి ఫిర్యాదును లిఖితపూర్వకంగా గానీ, ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ కలెక్టర్‌కు సమర్పించే అవకాశాన్ని 17వ సెక్షన్ పౌరులకు కల్పించింది. నివేదిక అందిన మీదట ప్రాధికార సంస్థ దర్యాప్తు జరిపించి, అనుచిత పద్ధతిని నిలిపివేయాలని, వసూలు చేసిన సొమ్మును వినియోగదారులకు తిరిగి చెల్లించాలని ఆదేశించవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే మొదటిసారి రూ. 10 లక్షల వరకు, పునరావృతమైతే రూ. 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.